టోపీలో పట్టని జడ

చెంబు ఎత్తి పిల్ల తల మీద నీళ్ళు పోసేముందు ఆనందమ్మ ఒకసారి వంటింటి వైపు చూసింది. అత్త పెంచలమ్మ ఇంకా లేవలేదు. లేచి ఉంటే ఈ చెంబుకి కూడా ఒక మాట పడేది. కూతురు భవిత దొడ్లో బండ మీద తల వంచుకుని కూర్చుని, "బిరిన పొయ్యి మా, బ్యాచ్ మొదలైపోతాది" అని గొణుగుతోంది. ఆనందమ్మ పాయలు విడదీసి, ఒక్క చుక్క కింద వృథా పోకుండా దోసిట పట్టి పట్టి, కుదుళ్ళ దాకా తడిపింది. ఆ తడి జడను చుట్ట చుట్టి, ఎర్రటి రబ్బరు టోపీలోకి దూర్చడానికి తల్లీ కూతుళ్ళిద్దరూ నాలుగు చేతులా తంటాలు పడ్డారు. ఎంత కుక్కినా వెనకనుంచి పిడికెడు జుట్టు బయటే ఉండిపోయింది.

ఈత కొలనులో దిగే ముందు జుట్టును మంచినీళ్ళతో తడపాలని చెప్పింది ఈత నేర్పే ప్రతాప్ సారు. మొదటి రోజు ఆనందమ్మ తనకు తెలిసిన పద్ధతిలో పిల్ల తలకు టెంకాయ నూనె కారేటట్టు పెట్టి పంపింది. ఆయన ఆమెను గేటు దగ్గరికి పిలిపించి, "ఇంత నూనె పెడితే నీళ్ళ మీదంతా తేలతాది మా. కొసలకు ఒక చుక్క చాలు. ముందు మంచినీళ్ళతో బాగా తడిపి టోపీ పెట్టండి. తడిసిన జుట్టు ఆ మందునీళ్ళను ఎక్కువ తాగదు. బయటికొచ్చినాక ఆరకముందే మళ్ళా మంచినీళ్ళతో కడిగేయండి" అన్నాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన ఆనందమ్మ ఆ మాటలను దారి పొడుగునా ఒప్పజెప్పుకుంటూ ఇంటికి వచ్చింది. ఆయన చెప్పింది సులువుగానే ఉంది. ఆ మంచినీళ్ళు యాడనుంచి తేవాలో మాత్రం ఆయన చెప్పలేదు.

ఆ ఏడు తిరుపతిలో నీళ్ళు లేవు. వానల్లేక బోర్లు ఎండిపోయాయి. కొళాయి ఎప్పుడు వస్తుందో తెలియదు, ట్యాంకరు వస్తే వీధి వీధంతా బిందెలతో పరుగెత్తాలి. ఆ పరుగు ఆనందమ్మదే. మోసుకొచ్చిన బిందెల మీద పెత్తనం మాత్రం పెంచలమ్మది. "ఊరంతా తాగేదానికి నీళ్ళు ల్యాక అల్లాడతా ఉంటే, ఈ పిల్ల చెరువెడు నీళ్ళలో మునిగొచ్చి, ఆ నీళ్ళు కడుక్కునేదానికి మళ్ళా నీళ్ళు పోసుకుంటాదంట. యాడన్నా ఉండాదా ఈ చోద్యం" అనేది ఆమె, వక్క కొరుకుతూ, ఎవరికీ చెప్పనట్టు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే అది మరీ గుచ్చుకునేది. ఆనందమ్మ తన వంతు నీళ్ళు పిల్లకు మళ్ళించింది. ముందు తన స్నానం రెండు చెంబులకు తగ్గింది, తర్వాత తలస్నానం మొత్తానికే మానేసింది. దురద పుడితే ఎవరూ చూడకుండా పిన్నుతో గీరుకునేది. ముడి వేసుకుని, రెండు కనకాంబరాలు తురుముకుంటే ఎవరికి తెలుస్తుంది. ఇంట్లో అందరి కళ్ళూ ఉన్నది ఒక్క జడ మీదే, అది ఆమెది కాదు.

ఇంత కష్టం ఎందుకంటే పిల్ల ఊపిరి కోసం. భవితకు పసితనం నుంచీ ఆయాసం. చలికాలం వచ్చిందంటే గుండెలో పిల్లికూతలు మొదలయ్యేవి, పక్కటెముకలు లోపలికి పీక్కుపోయేవి, పెదాలు నీలంగా తిరిగేవి. ఒళ్ళో కూర్చోబెట్టుకుని వీపు రాస్తూ, ఈ ఊపిరి తర్వాత ఇంకో ఊపిరి వస్తుందా రాదా అని కాచుకుని ఉండడమే ఆనందమ్మ ఎరిగిన తల్లితనం. పెద్దాసుపత్రి డాక్టరు ఈత నేర్పిస్తే మంచిదన్నప్పుడు ఆమె వారం రోజులు అన్నం తినలేకపోయింది. ఆయాసంతో పోకపోతే నీళ్ళలో పోతుందని దాని అర్థంగా ఆమెకు తోచింది. ఆడపిల్లల బ్యాచ్ జరిగినంతసేపూ కంచె బయట నిలబడి ఎర్రటోపీని చూస్తూ ఉండేది. టోపీ మునిగితే ఆమె ఊపిరి బిగబట్టేది, టోపీ తేలితే వదిలేది. ఒడ్డున నిలబడి ఆమె కూడా అన్నిసార్లు మునిగి లేచేది. కానీ ఆ చలికాలం పిల్లికూతలు రాలేదు. ఆ మరుసటి చలికాలమూ రాలేదు. నీళ్ళలోంచి బయటికి వచ్చే భవిత మొహంలో, ఇంట్లో ఎన్నడూ కనిపించని ఒక వెలుగు ఉండేది. అది చూసి కూడా ఆనందమ్మకు భయమే వేసేది. ఇంత ఇష్టమైన దాన్ని ఆడపిల్ల దగ్గర ఎన్నాళ్ళు ఉండనిస్తారని.

జుట్టు మాత్రం ఆమె చేతుల్లోనే చచ్చిపోతూ వచ్చింది. నల్లగా, నడుము దాటి బరువుగా ఉండిన జడ, ముందు కొసల్లో రాగి రంగుకు తిరిగింది, తర్వాత పట్టుకుంటే గరగరలాడడం మొదలైంది. ఎంత కడిగినా బ్లీచింగు వాసన దిండును వదిలేది కాదు. ఆమె మందారాకు రుబ్బి పెట్టింది. మెంతులు నానబెట్టి పెట్టింది. మజ్జిగకు చాలని పెరుగును మొగుడి విస్తరి నుంచి మిగిల్చి పిల్ల తలకు పట్టించింది. పెద్ద పళ్ళ దువ్వెనతో కొసల నుంచి పైకి, పైకి, చిక్కు తీస్తూ, చేతికొచ్చిన వెంట్రుకలను అత్త కంట పడకుండా ఉండ చుట్టి రవికలో దాచుకునేది. మొగుడు చంద్రమౌళి మండలాఫీసులో గుమాస్తా. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట. "ఈత మాననీవద్దు, ఆయాసం వస్తే సెలవలు పెట్టి ఆస్పత్రుల చుట్టూ తిరిగేది నేను. జుట్టూ పోనీవద్దు, రేపు దాన్ని ఎవరన్నా చూసేదానికొస్తే తల ఎత్తుకోలేనిది నేను." ఈ రెండింటి మధ్య ఏం చెయ్యాలో ఆయన అడగలేదు, చెప్పలేదు. అది ఆడవాళ్ళ పని.

చేతకానప్పుడు ఆనందమ్మ చేసేది ఒకటే, మొక్కుకోవడం. మొగుడు రావడం ఆలస్యమైతే ఒక టెంకాయ. పిల్లకు పరీక్షలైతే తిరుచానూరు అమ్మవారికి నూటొక్క ప్రదక్షిణలు. పసుపు గుడ్డలో ముడుపులు కట్టి పోపుల డబ్బాలో, బియ్యం డబ్బాలో, యాడ పెట్టిందో తనకే తెలియనన్ని చోట్ల పెట్టేది. "మీయమ్మ మొక్కులు ఆ స్వామికైనా గుర్తుంటాయంటావా" అని చంద్రమౌళి కూతురితో వేళాకోళమాడేవాడు.

తిరుచానూరు తిరునాళ్ళకని చంద్రమౌళి అక్క చంద్రకాంతమ్మ కార్వేటినగరం నుంచి వచ్చింది. వచ్చిన మనిషి కాళ్ళు కూడా కడుక్కోకుండా భవితను దగ్గరికి పిలిచి జడ చేతిలోకి తీసుకుంది. వేళ్ళ మధ్య నలిపి చూసింది, బట్టలంగట్లో కోక అంచును చూసినట్టు.

"ఏమిది మే, టెంకాయ పీచు మాదిరి ఉండాది?" అంది ఆనందమ్మతో. "నా కొడుక్కి నీ కూతుర్నే చేసుకుంటానని ఊర్లో అందరికీ చెప్పుకుంటా ఉండానే. ఈ జడేసుకుని మా ఇంట్లో అడుగుపెడితే పాత్రలు తోమేదానికి పీచు కొనే పని ల్యాకుండా పోతాది."

పెంచలమ్మ నవ్వింది. చంద్రమౌళి నవ్వాడు. ఆనందమ్మ కూడా, నవ్వకపోతే బాగుండదని, నవ్వింది. భవిత మాత్రం జడను మేనత్త చేతిలోంచి లాక్కుని దొడ్లోకి పోయింది.

ఆడబిడ్డ బస్సెక్కిన రోజు, అన్నాల దగ్గర చంద్రమౌళి చెప్పాడు, కూర బాగుందని చెప్పినంత మామూలుగా. "ఈ నెలతో ఈతకు పోయేది సాలు. ఆయాసానికి మాత్రలు ఉండాయి గదా."

ఆనందమ్మ చేతిలో చారు గరిటె ఆగింది. మాత్రలు వేసిన రోజుల్లో ఆ పిల్ల గుండె ఎట్లా దడదడలాడేదో ఆయనకు తెలియదు. ఆ రోజుల్లో ఆయన ముందుగదిలో తలుపు వేసుకుని పడుకునేవాడు.

"నేను మానను నాయనా" అంది భవిత. "జుట్టు కత్తిరించేయండి. ప్రతాప్ సారు కూడా అదే చెప్పినాడు."

"సారు ఇంట్లో ఆడపిల్లలకు కత్తిరించమను."

"అయితే గుండు కొట్టించేయండి. గుండైనా కొట్టించుకుంటా గానీ ఈత మానను."

"కొట్టించుకో. పెండ్లి దినం మీయమ్మ జడ కోసి అతికిస్తాం" అన్నాడు చంద్రమౌళి.

పెంచలమ్మకు నవ్వు రాలేదు. "ఆ మాట ఇంట్లో ఎత్తొద్దు" అంది. "మొక్కు ల్యాకుండా ఆడపిల్ల తల మీద కత్తి పెట్టేదేంది."

"మొక్కు ఉండాది" అంది ఆనందమ్మ.

తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది. ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. ఆ ఇంట్లో ముగ్గురూ ఒకేసారి ఆమె వైపు చూడడం ఎప్పుడు జరిగిందో ఆమెకు గుర్తు లేదు.

"ఎప్పుడు మొక్కినావు?" అంది అత్త.

"దానికి మూడో ఏట. పెదాలు నీలమైపోయి, పెద్దాసుపత్రిలో గాలి గొట్టం పెట్టినప్పుడు. పిల్ల బతికితే కొండకు తీసుకొచ్చి తలనీలాలిస్తానని."

"ఇచ్చినావా మరి?"

"ల్యా అత్తా. పుట్టెంటికలు అప్పటికే తీసేసుంటిమి. వెంట్రుకలు పెరిగినాక ఇద్దాంలే అనుకుని..." ఆమె చారు పోయడం మొదలుపెట్టింది. "మరిచిపోయినా."

పెంచలమ్మ చెయ్యి కడిగేసుకుంది. "మరిచిపోయినావా. స్వామికి మొక్కి మరిచిపోయినావా. అందుకేనా బోరు ఎండింది? అందుకేనా వానికి పైకం పెరిగే ఉద్యోగం చేతిదాకా వచ్చి తప్పిపోయింది?" గొంతు పెంచకుండానే ఒక్కొక్కటీ తెచ్చి ఆమె ముందు పెట్టింది. తన మోకాళ్ళ నొప్పి, ఊర్లో రాలిపోయిన మామిడి పిందె. చివరికి, "దీని తర్వాత రెండు కాన్పులు నిలవకుండా పాయె. రెండూ మగబిడ్డలే. నీ కడుపును నువ్వే కాల్చుకున్నావు గదా మే" అంది.

ఆ ఇద్దరి కోసం ఆనందమ్మ ఏడ్చింది స్నానాల గదిలోనే, నీళ్ళ చప్పుడు చాటున, నీళ్ళున్న రోజుల్లో. ఎవరూ వాళ్ళ పేరెత్తలేదు ఇన్నేళ్ళూ. ఇప్పుడు ఎత్తింది ఇందుకు. అది అబద్ధమత్తా, నేను ఆ మొక్కు మొక్కలేదు అని ఒక్కమాట అంటే, ఆ ఇద్దరూ తన నెత్తి మీది నుంచి దిగిపోతారు. ఎదురుగా భవిత అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయి తల్లినే చూస్తోంది.

"అవునత్తా" అంది ఆనందమ్మ. "నా తప్పే."

ఆ తర్వాత వారం ఆమె భయపడుతూనే తిరిగింది. స్వామి పేరున అబద్ధమాడితే పిల్లకే ఏమన్నా అయితే? కొలనులో కాలు పట్టేస్తే? ఆలోచించగా ఆలోచించగా ఇంకో భయం పుట్టింది. ఆసుపత్రిలో ఆ రోజు ఆమె నోటికొచ్చిన దేవుడికల్లా నోటికొచ్చిందల్లా మొక్కింది. అందులో తలనీలాలు లేవని ఎట్లా చెప్పగలదు? అబద్ధమనుకున్నది అబద్ధం కాకపోతే, పన్నెండేళ్ళ పిల్ల తల మీద ఇన్నాళ్ళూ తీరని మొక్కు నిజంగానే వేలాడుతూ ఉండిందేమో. ఏ వైపు తిరిగినా ఆమెదే నేరం.

కొండ మీద కల్యాణకట్టలో వరుసలో నిలబడి ఉండగా పెంచలమ్మ అంది, "ఇంత ఆలస్యం చేసినందుకు అపరాధం కింద నీ తల కూడా ఇయ్యి." ఆనందమ్మ కూతురి పక్కన కూర్చుని ముడి విప్పింది. కత్తి పట్టుకున్న ముసలాయన నీళ్ళతో ఆమె తల తడుపుతూ, అట్టకట్టిన జుట్టును తడపలేక ఆగి, "ఈ తలకు నీళ్ళు తగిలి ఎన్నాళ్ళయింది మా?" అన్నాడు, తప్పు పట్టినట్టు కాదు, మామూలుగానే. చంద్రమౌళి అప్పుడు చూశాడు. చూసి, గోడ మీద రాసి ఉన్నదేదో చదవడంలో పడ్డాడు. పక్కన భవిత జడ, ఇద్దరూ కలిసి రెండేళ్ళు కాపాడిన ఆ పీచు, చప్పుడు లేకుండా తడి బండ మీదికి జారిపోయింది.

స్నానాలయ్యాక పెంచలమ్మ మనవరాలి గుండుకు గంధం పూసింది. మిగిలిన గంధం చేతిలో పెట్టుకుని ఒక క్షణం తటపటాయించి, కోడలి తలకు కూడా పూసింది. "సల్లగా ఉంటాది" అంది, అటు తిరిగి.

భవిత తల్లి తలను రెండు చేతులతో పట్టుకుని చూసింది. "మా, నీ తల ఎంత చిన్నదో" అని నవ్వింది. తర్వాత చెవి దగ్గరికి వచ్చి, "నిజంగా మొక్కినావా?" అంది.

"ఏమో మా. నాకూ తెలీదు."

"రేపు టోపీ ఎంత సులువుగా పడతాదో సూడు."

తిరుపతిలో గుండును ఎవరూ రెండోసారి చూడరు. బడిలో ఎవరూ అడగరు, ఆడబిడ్డ కూడా చెంపలేసుకుంటుందే తప్ప ఒక్క మాట అనదు. కొండ దిగే బస్సులో కూర్చున్నాక ఆనందమ్మకు మొదటిసారి కాస్త ధైర్యం వచ్చింది. అప్పుడే ముందు సీట్లోంచి పెంచలమ్మ, "జుట్టు భుజాల మీదికొచ్చేదాకా పోనీలే, మౌళీ" అంది. "వచ్చినాక ఈత మాన్పించేయాల. మళ్ళా పీచు చేసుకునేదానికి కాదు."

"అంతే గదా మా" అన్నాడు చంద్రమౌళి.

బస్సు మలుపులు తిరుగుతోంది. భవిత తల్లి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఊపిరి మెత్తగా, కూతలు లేకుండా వస్తోంది, పోతోంది. ఆనందమ్మ ఆ గుండు మీద అరచెయ్యి పెట్టింది. ఇంకా ఏమీ తగలడం లేదు, కానీ లోపల కుదుళ్ళు పని మొదలుపెట్టి ఉంటాయని ఆమెకు తెలుసు. ఎర్రటి మట్టి కొండలు వెనక్కి పోతుండగా ఆమె కళ్ళు మూసుకుని, పిల్ల పుట్టిన రోజు నుంచీ ఒక్కొక్క జబ్బూ, ఒక్కొక్క ఆసుపత్రీ తవ్వుకుంటూ, ఇంకా ఏ మొక్కు మరిచిపోయి ఉంటుందా అని వెతకడం మొదలుపెట్టింది.