సోంబరు మావ పుట్టినరోజు

ఒరే వంశీ, కోడి మాట ఎత్తగానే సెల్లు పక్కన పెట్టేశావేటి? చెవులు కూడా ఎప్పుడూ లేనంత నిక్కబొడుచుకున్నాయి. సరే, విను.

అరకు అవతల కొండమీద ఊళ్ళో సోంబరు మావకి ఒక ఎర్ర పుంజు ఉంది. మంచంమీద మావ పక్కనే దాని పడక. కోత పండక్కి దాన్ని చర్చికిస్తానని అందరి ముందూ మాటిచ్చాడు. కాఫీ పళ్ళు కోయడం కూడా అయిపోయింది, పుంజు మాత్రం మంచం దిగలేదు.

"ఈ ఆదివారం కానుకలప్పుడు పుంజు రాకపోతే నానే వచ్చి పట్టుకుపోతాను మావా," అంది పాస్టరమ్మ సత్యకుమారి. ఆ రోజు రొమేనియా నుంచి మిహాయ్ అనే ముసలాయన వస్తాడనీ, కమ్యూనిస్టుల కాలంలో పోలీసులు తలుపులు బాదిన సంగతులు చెబుతాడనీ కూడా అంది.

ఆదివారం ఆయన్ని జీపులో తెచ్చినవాడు సాలూరు పైడిరాజు. వాడి ఖాకీ చొక్కా చూడగానే మావ బుర్ర వెలిగింది.

"కానుకల ముందు తలుపు బాదు. పర్మిషన్ ఏదని గదమాయించు. జనం పారిపోతారు, నా పుంజు బతుకుతాది. జీలుగు కల్లు పోత్తాను."

"అలాగే మావా."

లోపల మిహాయ్ చెబుతుంటే పాస్టరమ్మ తెలుగు చేసింది. ఇక్కడిలాగే అక్కడా బాప్టిస్టు క్రైస్తవులు గుప్పెడు మందే. ఇంట్లో కలిసి ప్రార్థన చేస్తే జరిమానా. అందుకే బల్లమీద కేకు పెట్టుకుని కూర్చునేవారు. తలుపు చప్పుడైతే బైబిలు పిండి డబ్బాలోకి, నోట్లోకి పుట్టినరోజు పాట. పోలీసుకీ ఓ ముక్క.

మావకి ఒక్క ముక్కా చెవికెక్కలేదు. కళ్ళు తలుపు మీదే.

దబదబా చప్పుడు. "ఏటి సేత్తన్నారు లోపల? పర్మిషన్ ఉందా?"

"పోలీసులు, బేగి పారిపోండి," అన్నాడు మావ.

ఒక్కడు కదిలితే ఒట్టు. మిహాయ్ చప్పట్లు కొడుతూ హ్యాపీ బర్త్‌డే అందుకున్నాడు. చర్చంతా గొంతు కలిపింది. ముసలమ్మలు లేచి థింసా చిందులేశారు.

"ఎవుల్ది పుట్టినరోజు?" అన్నాడు ఖాకీ చొక్కా.

"మా సోంబరు మావది," అంది పాస్టరమ్మ.

పుట్టినరోజువాళ్ళు ముందుకొచ్చి కానుక ఇవ్వడం ఆ చర్చి ఆనవాయితీ. కాదందామంటే పోలీసు ముందు చర్చంతా ఇరుక్కుంటుంది; పోలీసు ఉత్తుత్తివాడందామంటే, అది తనకెలా తెలిసిందో మావ చెప్పాలి. నోరు తెరిచేలోపే పెళ్ళాం రమణి పుంజుని చంకనేసుకుని వచ్చేసింది.

మధ్యాహ్నానికి పుంజు వెదురు బొంగుల్లో ఘుమఘుమలాడింది. తొడముక్క పైడిరాజు ఆకులో పడింది.

"ఖాకీ చొక్కా చూసి నమ్మాను కదరా," అన్నాడు మావ.

పైడిరాజు ఎముక చీకుతూ అన్నాడు: "నానెప్పుడు ఖాకీ ఏసాను మావా? నిన్న పాస్టరమ్మ ఫోన్ సేసి, నీ కంట పడేలా ఏసుకు రమ్మంది."