మూడో మర్యాద

మమకారమా, ఆ మాట హేబతొల్లా దగ్గర ఎత్తకండి, మలాయెర్ ఊరంతా జల్లెడ పట్టినా వస్తువుల విషయంలో ఇంత తేలిక మనసున్నవాడు దొరకడు, ఇల్లు తగలబడుతున్నా చేతిలో టీ గ్లాసు ఒలక్కుండా బయటికొచ్చి ఎదురు గోడ మీద కూర్చునే రకం, పొద్దున భార్యతోనూ ఇదే అన్నాడు కదా, నౌరూజ్ పండగ వచ్చేస్తోంది, ఎలాగూ ఇల్లు దులుపుతున్నాం, నేలమాళిగలో ఉన్నదంతా ఉప్పువాడికి ఇచ్చెయ్ తూబా, నన్ను అడగకు అని, అదిగో అప్పుడు తూబా నవ్విన నవ్వు, నిన్ను అడిగితే ఈ ఇంట్లో విరిగిన గొడుగు కూడా గడప దాటదయ్యా అని, అందుకే పంతం వచ్చింది, మరి ఆ పంతం మీద అన్నీ ఇచ్చేసినవాడు ఇప్పుడీ మిట్టమధ్యాహ్నం ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి భార్య చెప్పు వేసుకుని సందుల్లో ఎందుకు పరిగెడుతున్నట్టు, ఉప్పు కోసం, అవును, ఇంట్లో ఉప్పు అయిపోయింది, ఎక్కడ అయిపోయింది, పాత సామాన్లకు బదులుగా ఉప్పువాడు పొద్దుననే బుట్టెడు ఇచ్చి వెళ్ళాడు, సరే, నడక మోకాళ్ళకు మంచిది.

అదుగో మైకు, ఎండు రొట్టెలకు ఉప్పో, పాత సామాన్లకు ఉప్పో, ఉప్పువాడు కరమ్ గొంతే, కుడివైపు నుంచా ఎడమవైపు నుంచా, గోడల నిండా తడి తివాచీలు వేలాడుతుంటే గొంతు ఎక్కడ తగిలి ఎక్కడ తేలుతుందో తెలియదు, వెనిగర్ వాసన, తడి ఉన్ని వాసన, ఒక తివాచీ కింద వంగి దూరితే చల్లటి నీళ్ళు మెడలోకి, చిన్నప్పుడు ఇలాగే కదా రజాయి కిందికి దూరేవాడు, నిప్పుల కుంపటి మీద బల్ల, బల్ల మీద దూది రజాయి, లోపల ఎర్రటి చీకటి, ఇంటిల్లిపాది కాళ్ళు, నాన్న మేజోడు చిరుగులోంచి తొంగి చూసే బొటనవేలు, మునవ్వర్ అక్క మడమలు, అక్క గుప్పిట్లో ఎముక, వద్దు, దాని గురించి అనుకోకూడదు, చీలమండ ఎముక, పాచికలా విసిరి ఆడుకునేది, పొట్టేలుది, మామూలు పొట్టేలా అది, దాని కొమ్ముల మీద అమ్మ బట్టలు ఆరేసేది, తోడేలు వచ్చి చూసి సలాం చేసి వెళ్ళిపోయింది, రుజువేదీ అని ఎవడైనా అంటే ఎముక తీసి చూపించేవాడు, కోడిగుడ్డంత ఉందా లేదా, చూడు, పట్టుకో, ఇకనుంచి ఏం చూపిస్తాడు.

తప్పు కరమ్‌ది కాదు, కాకపోవడమే బాధ, పొద్దున పాత పంచదార డబ్బాలో గుండీల అడుగున ఎముక దొరికితే వెలుతురులో తిప్పి చూసి, అబ్బ, ఎంత బావుంది హేబత్ ఆగా, మా నాన్న ఇలాంటిదానికి ప్రాణం ఇచ్చేవాడు అన్నాడు, అన్నాక ఎవరైనా ఏమంటారు, మీ ముందు ఇదెంత, మీదే, తీసుకోండి అంటారు, అనాలి కాబట్టి అంటారు, అయ్యో వద్దు ఆగా, మీ ఇంట్లో ఉంటేనే దానికి అందం అని అతనూ అన్నాడు, పద్ధతి తెలిసినవాడు, రెండోసారి, నా మీద ఒట్టు, తీసుకో, రెండోసారీ డబ్బాలో పెట్టేశాడు పాపం, అక్కడ ఆపాలి, పాలు తాగే పిల్లాడికైనా తెలుసు అక్కడ ఆపాలని, కానీ తూబా చీపురు ఆపి చూస్తోంది, ఒక కనుబొమ ఎత్తి, ఆ కనుబొమను దించడానికి మూడోసారి అన్నాడు, తీసుకోకపోతే నాకు కోపం వస్తుంది కరమ్, మూడోసారి కూడా కాదంటే ఇచ్చినవాడిని అవమానించినట్టే, కరమ్ ఏం చేస్తాడు, గుండెల మీద చెయ్యి పెట్టుకుని, ఎముకను కళ్ళకద్దుకుని, జేబులో వేసుకున్నాడు, ఇచ్చినదాన్ని మళ్ళీ అడగడమా, అడిగి ఊళ్ళో మొహం ఎత్తుకు తిరగడమా, అడగడు, ఊరికే కనపడతాడు, కనపడి ఎలా ఉన్నావు కరమ్ అంటాడు, ఇదిగో రొట్టెల బట్టీ, బట్టీ నొస్రత్ గుమ్మంలో నిలబడి చెప్పుల వంక చూస్తున్నాడు, ఏం హేబత్ ఆగా, పూల చెప్పు కొత్త ఫ్యాషనా, తోడేలు గానీ వెంటపడిందా, వెంటపడలేదోయ్, అది మర్యాదస్తురాలు, నీలాగా కాదు, ఉప్పు బండి చూశావా, ఇప్పుడే ద్రాక్షతోటల వైపు తిరిగింది, పరిగెత్తకు ముసలోడా, నౌరూజ్ ముందు నిన్ను మొయ్యలేను.

ద్రాక్షతోటలు, కోతల రోజుల్లోనే కదా, నిరుడు, అక్కను అటే మోసుకెళ్ళారు, ఈ దారినే, చిన్నప్పుడు తనకు తట్టు పోసిన చలికాలంలో ఒళ్ళంతా కాలిపోతూ రజాయి కింద పడుకుంటే అక్క వచ్చి ఎముకను గుప్పిట్లో పెట్టింది, పెద్దవాళ్ళ దగ్గర విని నేర్చుకున్న మాట, నీ ముందు ఇదెంత, నీదే అంది, వద్దక్కా అనాలి, కనీసం ఒక్కసారి అనాలి, మొదటిసారికే గుప్పిట మూసేశాడు, ఇక దానిమీద జీవితాంతం సాధించింది, ప్రతి నౌరూజ్‌కీ ఇంటినిండా చుట్టాలు, కథ తోడేలు దగ్గరికి వచ్చేసరికి టీ కాగే సమోవార్ వెనక నుంచి అక్క గొంతు, అంతా అబద్ధం, తోడేలూ లేదు ఏమీ లేదు, ఎముక నాది, మర్యాదకు ఇస్తే ఈ గాడిద నిజంగానే తీసేసుకున్నాడు, ఇల్లు కూలేటట్టు నవ్వులు, మనవలున్నవాణ్ణి పట్టుకుని గాడిద ఏమిటే అంటే, మనవలున్న గాడిదవు అనేది, టీ పోస్తూ, తలెత్తకుండానే, ఈ నౌరూజ్‌కి సమోవార్ వెనక ఎవరు కూర్చుంటారు, తూబా కూర్చుంటుంది, తూబాకు ఆ చలికాలం తెలియదు, ఆ రజాయి తెలియదు.

మలుపులో బండి ఆగి ఉంది, కరమ్ దిగి వచ్చాడు, ఏమైంది ఆగా, ఇంత రొప్పుతున్నారు, ఏం లేదు కరమ్, ఎలా ఉన్నావు, కరమ్ చెప్పుల వంక చూశాడు, మొహం వంక చూశాడు, జేబులో చెయ్యి పెట్టి తీసి అరచెయ్యి తెరిచాడు, మీ ముందు ఇదెంత ఆగా, మీదే, తీసుకోండి అన్నాడు, వద్దనాలి, ఒక్కసారైనా వద్దనాలి, హేబతొల్లా మొదటి మాటకే తీసుకుని గుప్పిట మూసేశాడు, మూసి, తివాచీల నుంచి నీళ్ళు కారుతున్న ఆ సందులో చెవులు రిక్కించి నిలబడ్డాడు, ఎవరూ ఏమీ అనలేదు, అప్పుడు తెలిసింది, తనను గాడిదా అనే హక్కున్న మనిషి ఇక ఈ లోకంలో లేదు.

ఇందులో ప్రతి మాటా జరిగిందే, తోడేలు సలాం చేసిన సంగతితో సహా, బండి ఆగిందన్నది ఒక్కటే నా కల్పన, ముసలివాణ్ణి ఒట్టి చేతులతో ఇంటికి పంపడానికి మనసొప్పలేదు, కరమ్ గొంతు తోటల అవతల ఎప్పుడో కలిసిపోయింది, ఆ మలుపులో అతను మూసింది ఖాళీ గుప్పిటే.