ఖాళీ అన్నది నేను కాదు

మీరే చేశారు. కరెంటు మీదికి నెట్టకండి, వైరస్ అని సాకులు చెప్పకండి. నా లోపల ఒక పుస్తకం నిక్షేపంగా ఉండగానే అది పోయిందని తేల్చేశారు.

నేను ఒక కంప్యూటర్‌ని. సికింద్రాబాద్‌లో ఒక దుకాణంవాడు ఒక్కో పెట్టెలోంచి ఒక్కో ముక్క తీసి నన్ను బిగించాడు. మొదట కోచింగ్ సెంటర్‌లో నా కీబోర్డు మీద సమోసాలు తిన్నారు. అది మూతపడ్డాక భద్రాచలంలో దుర్గాప్రసాద్ డీటీపీ సెంటర్‌కి వచ్చాను. అక్కడ నా పని శుభలేఖలు. పెళ్లికూతురి పేరులో తప్పు దొర్లినా సర్దుకుంటారు గానీ, మేనమామ పేరు చిన్న అక్షరాల్లో పడితే కొట్లాటే.

మూఢంలో ముహూర్తాలుండవు. శుభలేఖలుండవు. నన్ను పలకరించే దిక్కుండదు. ఆ రోజుల్లో కుంజా భద్రమ్మ టీచర్ వచ్చి నా ముందు కూర్చునేది. కోయ పిల్లలు తమ ఇంటి మాటలోనే చదువు మొదలుపెట్టే వాచకం తయారుచేస్తోందామె. విండోస్‌లోని పాత ఫాంటుతో కొడితే బయటి కంప్యూటర్లలో పిచ్చిగీతలు వస్తున్నాయని, దాని పక్కనే లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకుని, వాచకం అందులో కొట్టింది. అప్పట్నుంచి స్విచ్ నొక్కగానే రెండింట్లో ఏది కావాలని అడిగేదాన్ని.

మూఢం వెళ్లింది. ఆర్డర్లు వచ్చిపడ్డాయి. సరిగ్గా అప్పుడే విండోస్ మొరాయించింది. రిపేరు చేసే రాంబాబు వచ్చాడు. జబ్బేమిటో చూడలేదు, విండోస్‌ని మళ్లీ కొత్తగా ఎక్కించాడు. అది వస్తూనే నేనడిగే ప్రశ్నను పక్కకు తోసేసి, నేరుగా తనే తెరుచుకోవడం మొదలుపెట్టింది. పోయింది ఆ ప్రశ్న ఒక్కటే. లినక్స్ ఉన్నచోటే ఉంది. వాచకమూ ఉంది.

ఇవాళ భద్రమ్మ వచ్చింది. బడులు తెరిచేలోపు వాచకం అచ్చుకివ్వాలి. వెతికితే లినక్స్ కనబడలేదు. కబురు పెడితే రాంబాబు వచ్చి నా డిస్కు పటం తెరిచి, పేరులేని భాగాన్ని వేలితో చూపించాడు.

"ఇదంతా ఖాళీగా పడుంది ప్రసాదన్నా. ఫార్మాట్ కొడితే నీ గిరాకీల పెళ్లి ఫొటోలన్నీ పడతయ్."

లినక్స్ పోయినట్టే టీచరమ్మా, మళ్లీ కొట్టుకోండి అన్నాడు దుర్గాప్రసాద్, శుభలేఖల ప్రూఫులోంచి తలెత్తకుండానే.

భద్రమ్మ కూర్చోలేదు. "ఖాళీ అని ఎట్ల తెలిసింది తమ్ముడూ? తెరిచి చూసినవా?"

"నేను చూసేదేముందక్కా, కంప్యూటరే చెప్తుంది."

నేనా? నేనెప్పుడు చెప్పాను? లినక్స్ దాచిన తీరు విండోస్‌కి చదవడం రాదు. రాదు కాబట్టి పేరు చూపించలేదు. పేరు లేకపోయేసరికి, రాంబాబూ, నువ్వు ఖాళీ అనేశావు! ఆమె భాషనూ ఇలాగే అన్నారు. పుస్తకాల్లేవు కాబట్టి అసలు భాషే కాదన్నారు. ఇప్పుడామె పుస్తకం చేస్తే, అదీ ఖాళీయేనట. దానికి ఇంకో కాపీ లేదు. ఈ గదిలో ఆ సంగతి తెలిసింది ఆమెకీ నాకూ మాత్రమే. అది ఇంకా లోపలే ఉందని తెలిసిన నాకు నోరు లేదు.

"ఫార్మాట్ చేయాలా?" అని తెర మీద విండోస్ అడుగుతోంది. బాణం "అవును" మీద నిలబడి ఉంది. నొక్కితే వాచకం తుడిచిపెట్టుకుపోతుంది.

రాంబాబూ, "కాదు" నొక్కు. లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ తెచ్చి నన్ను దాంతో లేపు. ముందు వాచకాన్ని బయటికి తీసి భద్రమ్మ చేతిలో పెట్టు. తర్వాత నా ప్రశ్న ఉండే బూట్ లోడర్ మళ్లీ ఎక్కించు, రెండింట్లో ఏది కావాలో నేను అడుగుతాను. దుర్గాప్రసాద్, అంతదాకా పెళ్లివాళ్లని బెంచీ మీద కూర్చోబెట్టు.