హారుయె పాడిన రాగం

లిదియమ్మ నోట్లో నాలుక లేని పిల్ల. బడిలో హాజరు పలకడానికే గొంతు పెగలదు. అట్లాంటిది, 1953లో ఉదయగిరి క్రైస్తవ సభల్లో ఆత్మకూరు సంఘం పాడబోయే పాట ఆ పిల్లే కట్టిందంటే అందరూ ముక్కున వేలేసుకున్నారు.

ఏటా ఊరికొక కొత్త పాట కట్టుకుపోవడం అక్కడి ఆనవాయితీ. మాటలు లిదియమ్మవే. రాగం మాత్రం పెదనాయన ప్రేమానందం దడి కట్టుకుంటూ తీసే కూనిరాగం. "రాగమెక్కడిదే?" అని రెబెకమ్మ టీచరు అడిగితే, అదంతా చెప్పడానికి నోరు రాక, "నాకే తోచింది టీచర్" అనేసింది. మూడు మాటల్లో అయిపోయింది.

సభల ముందురోజు గుడిలో పాడుతుంటే ప్రేమానందం వచ్చి వెనక కూర్చున్నాడు. లిదియమ్మ పాట సగంలోనే ఆపేసింది. ఇంటికొచ్చాక ఆయన ట్రంకుపెట్టె తెరిచి, మడతలు చిరిగిన సినిమా కరపత్రం ఒకటి తీశాడు. అందులో ఒక ఆడమనిషి బొమ్మ.

"ఈమె హారుయె. జపానామె. యుద్ధంలో జపానోళ్ల చేతికి పోయిన సింగపూరులో నేను సినిమా హాల్లో టికెట్లు చించేవాణ్ణి గదా, ఈమె సినిమా వస్తే హాలు నిండాల్సిందే. పదేళ్లకే నాటకాల్లో చేరిందంట, పదారేళ్లకు హీరోయిను. నువ్వు పాడినావే, అది ఈమె పాటే."

సినిమా పేరెత్తితేనే పాపమనే ఇళ్లు వాళ్లవి. లిదియమ్మ లేచి తలుపు దగ్గరికి వేసొచ్చింది.

"సిపాయిల్ని యుద్ధానికి పురమాయించే పాటలు గూడా పాడింది. జపాను ఓడిపోయినాక మిగతా వాళ్లంతా 'బలవంతాన పాడించినారు' అని తప్పుకున్నారంట. ఈమె మాత్రం స్టేజీ ఎక్కి, 'ఇష్టంగానే పాడినాను, తప్పు నాదే' అనింది. మూడేళ్లు ఒక్క వేషం ఇయ్యలేదు. ఇప్పుడు తల్లి వేషాలు వేస్తా ఉండాదని అక్కడి స్నేహితుడు జాబు రాసినాడు."

"నా మీద కోపమా పెదనాయనా?"

"నాదేం పోయింది? రాగం నాదా ఏంది?"

తిట్టినా బాగుండేది.

మర్నాడు ఉదయగిరిలో పందిరి కిక్కిరిసింది. "మాటలు, రాగం రెండూ మా లిదియమ్మే కట్టింది" అని రెబెకమ్మ టీచరు గర్వంగా చెప్పింది. లిదియమ్మ ఒక అడుగు ముందుకొచ్చింది.

"రాగం నాది కాదు. జపాను సినిమా పాటది. నేను అబద్ధం చెప్పినాను."

"దేవుని పందిట్లో సినిమా పాటంట!" అని ఒకామె.

"నోరు లేని పిల్ల అనుకుంటిమి గదే!" అని ఇంకొకామె.

"ఆత్మకూరోళ్లు కూర్చోండి" అన్నాడు సభ నడిపే పెద్దాయన. ఆ ఏడు వాళ్ల పాట లేదు.

తిరుగు బస్సులో లిదియమ్మ పక్కన ఎవరూ కూర్చోలేదు. చివరికి ప్రేమానందం వచ్చి కూర్చున్నాడు.

"పెదనాయనా, అందరి ముందరా చెప్పినాక హారుయె ఇంటికి ఎట్ల పోయింది?"

"అది జాబులో రాయలేదమ్మా."

ముందు సీట్లో రెబెకమ్మ టీచరు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆత్మకూరు వచ్చేదాకా లిదియమ్మ ఆ వీపు వంకే చూస్తూ కూర్చుంది.