ఊపిరి తీసుకోని వరస

మార్కాపురం చర్చిలో ఆర్గన్ మూగబోయి చాలా ఏళ్లయింది. దొరల కాలంలో తెచ్చిపెట్టిన ఆ చెక్క బీరువాలో గాలితిత్తుల్ని ఎలుకలు ఎప్పుడో కొట్టేసినాయి. చర్చి నూరేళ్ల పండగ దగ్గర పడేసరికి ఆర్గన్ సంగీతం మళ్లీ ఒకసారి వినిపించాలని పాస్టరు కరుణాకరం గారికి ఆశ పుట్టింది. హెప్సిబాను పిలిపించినాడు.

హెప్సిబా మద్రాసులో సంగీతం చదువుకొని వచ్చి ఇక్కడి స్కూల్లో పిల్లలకు పాటలు నేర్పుతుంది.

"కీబోర్డులో ఆర్గన్ బటన్ ఉంటుంది కదమ్మా, అది నొక్కితే సరిపోదా?" అన్నాడాయన.

"వద్దయ్యగారూ, అది బొమ్మ గొంతు. నేను మనుషులతో వాయిస్తా" అనింది హెప్సిబా. ఆ మాట ఎందుకు అన్నానా అని తర్వాత చాలా బాధపడింది.

ఆమె ఎంచుకున్నది మూడొందల ఏళ్ల కిందట జర్మనీలో ఆర్గన్ కోసం రాసిన సంగీతం. ఒకే మనిషి రెండు చేతులతో, రెండు కాళ్లతో వాయించేది. దాన్ని విప్పి నలుగురికి పంచింది. పైవరస తన దగ్గర నేర్చుకునే రూబీ వయొలిన్‌కు, రెండోది తన వయొలిన్‌కు, నడిమిది చర్చిలో పాటలకు వాయించే డానీ క్లారినెట్‌కు. కాళ్లతో తొక్కే కింది వరస మిగిలింది. దానికి బరువైన గొంతు కావాల. రూబీ వాళ్ల నాయన పాల్ రాజు బ్యాండు మేళంలో పెద్ద బూర ఊదుతాడు. హెప్సిబా ఆయన దగ్గరికే పోయింది.

పాల్ రాజు పగలు పలకల కార్ఖానాలో రాయి కోసి, ముహూర్తాలున్నప్పుడు మేళంతో దోర్నాల, గిద్దలూరు, బేస్తవారిపేట తిరిగిన మనిషి. స్వరాల కాగితం చదవడం పాత బ్యాండు మాస్టరు నేర్పినాడు.

"పెండ్లిలో ఊదితే భోజనాల గోల, శవం ముందర ఊదితే ఏడుపుల గోల. కూర్చోని వినేవాళ్ల ముందర ఒక్కసారన్నా ఊదలేదు పాపా. వస్తా" అన్నాడు.

సాయంత్రాలు చర్చిలో సాధన మొదలైంది. పాల్ రాజు బూరలోంచి మొదటి స్వరం లేచినప్పుడు బల్లలు సన్నగా అదిరినాయి. తాను కాగితం మీద గీసింది ఇంత నిండుగా పలుకుతుందని హెప్సిబా కూడా అనుకోలేదు.

కొన్నాళ్లకు ఆ స్వరం వెనకాల ఇంకో చప్పుడు వినబడసాగింది. సన్నటి ఈల. తలుపు సందులో గాలి దూరినట్టు. బూరకు ఎక్కడో చిల్లి పడిందనుకుంది. డానీ మీటలన్నీ విప్పి, తుడిచి, నూనె వేసినాడు. మళ్లీ ఊదినారు. ఈల పోలేదు.

"ఆపండి" అనింది హెప్సిబా. అందరూ ఆపినారు. పాల్ రాజు బూర దించి బల్ల మీద పెట్టి, గోడకు ఆనుకున్నాడు.

చర్చి అంతా నిశ్శబ్దం. ఈల మాత్రం ఆగలేదు. బూర బల్ల మీద ఉంది. చప్పుడు ఆయన రొమ్ములోంచి వస్తా ఉంది.

రూబీ తల వంచుకుంది. బయటికొచ్చినాక చెప్పింది: "దగ్గు చానా దినాలనుంచి ఉందక్కా. టీబీ అని మందులిచ్చినారు, తగ్గలా. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు నాయన."

హెప్సిబా ఊరుకోలేదు. తండ్రీకూతుళ్లను వెంటబెట్టుకొని ఒంగోలు పోయింది. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, "రాతిపొడి. ఊపిరితిత్తుల్లో గట్టిపడిపోయింది. లోపలికి పోయింది ఇక బయటికి రాదు. బూర మాట మర్చిపోవాల" అన్నాడు.

తిరిగొచ్చి మార్కాపురం స్టాండులో దిగినాక పాల్ రాజు అన్నాడు: "పండగ అయిపోనీ పాపా. ఆ తర్వాత ముట్టుకోను."

"పాస్టరయ్యతో చెప్పి మానిపిస్తా చిన్నాయనా."

"మానిపిస్తే నీ మొగం మళ్లీ చూడను."

హెప్సిబాకు అప్పుడు తట్టింది. ఆర్గన్‌కు తిత్తులుంటాయి, అది ఊపిరి తీసుకోదు. ఆ కింది వరసలో విరామమే లేదు. చివర్లో అయితే ఒకే స్వరం, మిగతా వరసలన్నీ దాని మీద ఎక్కి దిగుతున్నంతసేపూ, తెగకుండా సాగాల. దాన్ని ఉన్నదున్నట్టు దించి ఒక మనిషి నోటికి ఇచ్చింది తానే.

కూర్చోని మళ్లీ రాసింది. ఆ పొడుగు స్వరాన్ని ముక్కలు చేసి, కొంత క్లారినెట్‌కు, కొంత తన వయొలిన్‌కు పంచింది. సంగీతం పలచబడింది. పలచబడితే పడనీ అనుకుంది.

పాల్ రాజు కొత్త కాగితం చూసినాడు. "ఈ ఖాళీలేంది?"

"అక్కడ ఊపిరి తీసుకోవాల చిన్నాయనా."

"ఆ బీరువాకు ఇచ్చినారా ఖాళీలు?"

"అది చెక్క."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పండగనాడు పొద్దున చర్చి నిండిపోయింది. మొదట్లో అంతా అనుకున్నట్టే సాగింది. పాల్ రాజు ఖాళీల్లో ఆగినాడు, గాలి తీసుకున్నాడు. హెప్సిబా గుండె కుదుటపడింది. చివరి స్వరం వచ్చింది. ఆయన ఎత్తుకున్నాడు. డానీ అందుకోవాల్సిన చోట వదల్లేదు. హెప్సిబా అందుకోవాల్సిన చోటా వదల్లేదు. మెడ నరాలు ఉబ్బినాయి, పెదాలు నీలంగా మారినాయి. జనం కదలకుండా వింటున్నారు. ఆయన కోరుకున్నది అదే.

హెప్సిబా వయొలిన్ కమాను పైకెత్తింది. అది ఆపమని గుర్తు. రూబీ, డానీ ఆగిపోయినారు. సంగీతం ముగింపుకు ఇంకా దూరముంది.

పాల్ రాజు స్వరం ఒక్కటే మిగిలింది. ఆయన ఆమె వైపు చూసినాడు. చేతికందిన కంచం లాగేసుకుంటే చూసే చూపు అది. స్వరం వణికి, తెగిపోయింది. బూర ఒళ్లోకి జారింది. ముగింపు అదేననుకొని జనం చప్పట్లు కొట్టినారు. రూబీ వయొలిన్ కింద పడేసి నాయన దగ్గరికి పరిగెత్తింది.

ఆయన ఆ రోజు చావలేదు. ఎండాకాలమంతా ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు పక్కన మంచంమీద ఉన్నాడు. హెప్సిబా పోయినప్పుడల్లా గోడ వైపు తిరిగేవాడు. ఒక్కసారి మాత్రం, "పూర్తి కానీయలేదే పాపా" అన్నాడు.

"పూర్తయ్యేసరికి నువ్వుండవనిపించింది చిన్నాయనా."

"ఇప్పుడుంటానా?"

వానలు పడకముందే ఆయన పోయినాడు. శవం ముందర మేళం వాయించలేదు. ఆయనే వద్దన్నాడట.

సమాధి దగ్గర అందరూ వెళ్లిపోయినాక డానీ ఆమె పక్కకొచ్చి నిలబడినాడు. ముప్పై నిండని పిల్లోడు, పెండ్లయి ఏడాది కాలేదు.

"అక్కా, క్లారినెట్ కొనుక్కోవాలని నేనూ ఆ పలకల కార్ఖానాలోనే పని చేసినా. మా నాయన కూడా" అన్నాడు. "మెట్లెక్కితే నాకూ ఆయాసమొస్తాంది."

హెప్సిబా అతని మొహంలోకి చూసింది. ఇన్నాళ్ల సాధనలో డానీ ఊపిరి ఎట్లుందో ఆమె ఒక్కసారీ గమనించలేదు.

"రేపు పొద్దున ఒంగోలు బస్సుకు రా. మీ నాయన్ను కూడా తీసుకొని రా" అనింది.