కుళ్ళాయప్ప కోసం మొక్కు

నవనీత్ జుట్టు గురించి హిందూపురంలో ఒక్కరూ మంచిమాట అన్న పాపాన పోలేదు. నాయన అమర్‌నాథ్ అయితే చింతపండు అంగట్లో కూర్చుని, వచ్చినవాళ్ళందరి ముందూ దాన్ని అరిగిపోయిన చీపురుతో పోల్చేవాడు. అయినా అది పెరిగింది. మొదటి లాక్‌డౌన్‌లో మంగలి షాపులు మూశారు గనక పెరగడం మొదలుపెట్టి, షాపులు తెరిచాక పంతానికి పెరిగి, నుదుటి మీద పడి, చెవులు కప్పి, రెండో ఏటికి మెడ మీదికి దిగింది. బెంగళూరు ఉద్యోగం ఇంట్లో కూర్చుని చేసేవాడికి వీడియో మీటింగుల్లో పైవాళ్ళకు తలకాయ తప్ప ఇంకేం కనబడుతుంది? కనబడే ఆ కాస్తనీ అతను శ్రద్ధగా సాకుకున్నాడు.

నిజానికి ఆ జుట్టు అతని సొంత ఊహ కాదు. అది కొరియా సీరియల్ లోంచి వచ్చింది. ఆ సీరియల్ని ఇంట్లోకి తెచ్చిన పుణ్యం కూడా అతనిదే.

అందుకు కారణం అవ్వ. నవనీత్ అవ్వ సుగుణమ్మకు సాయంత్రాలంటే సీరియళ్ళే. షూటింగులు ఆగిపోయి టీవీ వాళ్ళు పాత భాగాలే తిప్పి తిప్పి వేస్తుంటే, ఒకసారి ఏడ్చిన ఏడుపు మళ్ళీ ఎట్లా ఏడవాలని ఆమె విసుక్కునేది. విసుగు ముదిరి కోడలు నీలావతి వంట మీదికి మళ్ళింది. పోపు మాడిందనీ, ఉప్పు చాలలేదనీ రోజూ గొడవ. అమ్మ బాధ చూడలేక నవనీత్ తన ఫోన్ని టీవీకి కలిపి, తెలుగు మాటలు పెట్టిన కొరియా సీరియల్ ఒకటి వేశాడు.

రెండో రోజుకే సుగుణమ్మ ఆ దేశాన్ని హిందూపురం తాలూకాలో కలిపేసుకుంది. వాళ్ళ పేర్లు నోరు తిరగక తనే పేర్లు పెట్టింది. హీరో ఎప్పుడూ నెత్తిన ఉన్ని కుళ్ళాయి పెట్టుకుని తిరుగుతాడు కనుక వాడు కుళ్ళాయప్ప. వాడు ప్రేమించిన పిల్ల చిన్న నూడుల్స్ హోటలు నడుపుతుంది కనుక సేమ్యాల పిల్ల. హీరో తల్లి, కోట్లకు పడగలెత్తిన గయ్యాళి, ముక్కు విరుపులో అచ్చం పెనుకొండలో ఉన్న తన ఆడబిడ్డే కాబట్టి ఆమె నరసక్క. పాపం అసలు నరసక్కకు ఈ సంగతి తెలియదు. వదిన చెప్పిందని తనూ మనవరాలి ఫోన్లో ఆ సీరియలే చూడడం మొదలుపెట్టి, రోజూ పెనుకొండ నుంచి ఫోన్ చేసి ఆ తల్లిని నోటికొచ్చినట్టు తిట్టేది. ఆ తిట్లు సుగుణమ్మ కళ్ళు మూసుకుని, పాట వింటున్నట్టు వినేది.

ఇంట్లో గొడవలు ఆగాయి. అత్తాకోడళ్ళు పక్కపక్కనే కూర్చుని, ఆ పుల్లలతో తింటే కడుపు ఎప్పటికి నిండుతుందని ఒకరితో ఒకరు వాపోయారు. అంగడి కట్టేసి వచ్చిన అమర్‌నాథ్ కూడా ఇట్లాంటివి నేను చూడనంటూ గుమ్మం దగ్గర నిలబడి మొత్తం చూసేవాడు.

జుట్టు సంగతికొస్తే, ధర్మవరంలో హరిణి అని ఒక అమ్మాయి ఉంది. కాలేజీలో నవనీత్‌తో చదివింది. వాళ్ళది పట్టుచీరలు నేసి అమ్మే ఇల్లు. లాక్‌డౌన్ నుంచి ఇద్దరికీ మాటలన్నీ ఫోన్లోనే. ఒక రోజు వీడియోలో అతన్ని పరకాయించి చూసి, ఇంకాస్త పెంచితే ఆ కొరియా హీరోలా ఉంటావు అంది. ఆడపిల్ల సరదాకి అన్న మాట అది. నవనీత్ దాన్ని దైవాజ్ఞలా తీసుకున్నాడు.

రెండో ఏడు ఎండలు ముదిరిన రోజుల్లో రోగం వాళ్ళింటికీ వచ్చింది. నవనీత్‌కు జ్వరం తగిలింది. మిద్దె మీది గదిలో పడుకోబెట్టారు. నీలావతి మెట్ల మీద పళ్ళెం పెట్టి దిగిపోయేది. చింతపండు వాసన వీధి మలుపు దాకా కొట్టే ఆ ఇంట్లో ఉండి, అతని ముక్కుకు ఏ వాసనా తెలిసేది కాదు. సుగుణమ్మను మెట్లెక్కనివ్వలేదు. ఆమె పొద్దున్నే కింది మెట్టు దగ్గర నిలబడి పైకి కేకేసేది.

"రేయ్, ఈ పొద్దన్నా వాసన తెలుస్తాండాదా?"

అతను కాఫీ గ్లాసు ముక్కుకు ఆనించుకుని చూసి, లేదవ్వా అనేవాడు. ఆమె లోపలికి పోయేది. వేలికి తగిలించే ఆ చిన్న పరికరంలో అంకె కిందికి దిగిన రోజుల్లో అమర్‌నాథ్ ఆస్పత్రుల్లో మంచం కోసం ఫోన్లు చేస్తూ వీధిలో నిలబడేవాడు. జుట్టు మీద వేళాకోళాలు మానేశాడు. టీవీ పెట్టేవాడు పైన ఉన్నాడు కాబట్టి సీరియల్ ఆగిపోయింది. ఆగడం కూడా ఎక్కడ ఆగింది? కుళ్ళాయప్ప కారు లోయలో పడి, తలకు కట్టుతో, స్పృహ లేకుండా ఆస్పత్రి మంచం మీద పడి ఉన్న చోట ఆగింది.

ఎట్లాగో గండం గడిచింది. నవనీత్ నీరసంగా మెట్లు దిగి వచ్చి కూర్చోగానే సుగుణమ్మ సంగతి బయటపెట్టింది. కుళ్ళాయప్ప గట్టెక్కితే మనవడి జుట్టు కదిరి నరసింహస్వామికి ఇస్తానని మొక్కుకుందట.

అమర్‌నాథ్ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. చాలా రోజులకు ఆ ఇంట్లో వినబడిన నవ్వు అది. నీలావతి మాత్రం నవ్వలేదు, పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వెళ్ళింది.

"టీవీలో పిల్లోనికి నా జుట్టెందుకవ్వా? నీ జుట్టు మొక్కుకోవాల్సింది" అన్నాడు నవనీత్.

"నాది పిడికెడు గూడా లేదు కదరా. స్వామికి ఇచ్చేది ప్రియమైందిగా ఉండాల" అంది సుగుణమ్మ.

వీధి వీధంతా ఈ మాట పాకింది. చింతపండుకు వచ్చిన బేరగాళ్ళు కూడా కుళ్ళాయప్పకు ఎట్లుండాదని అడగసాగారు. ఎవరెంత నవ్వినా సుగుణమ్మ మాట మార్చలేదు. సీరియల్ మళ్ళీ మొదలైంది. కుళ్ళాయప్ప మంచం మీద, సేమ్యాల పిల్ల మంచం పక్కన, కథ మాత్రం అంగుళం జరగదు.

నవనీత్ ఉండబట్టలేక ఒంటరిగా ఆఖరి భాగం చూసేశాడు. కుళ్ళాయప్ప కళ్ళు తెరిచాడు. లేచాడు, నడిచాడు, సేమ్యాల పిల్లను పెళ్ళి కూడా చేసుకున్నాడు. ఒక మనిషి బతికినందుకు నవనీత్ అంతగా దిగులుపడడం అదే మొదటిసారి. ఎందుకంటే శ్రావణంలో ధర్మవరంలో హరిణి అక్క పెళ్ళి. ఏడాదిన్నర తర్వాత హరిణిని ఎదురుగా చూడబోతున్నాడు. ఆ జుట్టంతా ఆ ఒక్క రోజు కోసం పెంచింది. పెళ్ళి దాటితే గుండు కాదు, తలకాయే ఇవ్వమన్నా ఇస్తాడు.

అందుకని, ఆ దేశంలోనూ లాక్‌డౌన్ పెట్టారనీ, ఆఖరి భాగం ఇంకా తీయలేదనీ అవ్వకు చెప్పాడు. ఆమె నమ్మింది. అసలు వాడు చచ్చిపోయాడని చెబితే మొక్కు బాధే ఉండదు గదా అన్న ఆలోచన కూడా వచ్చింది. ఒక మధ్యాహ్నం అవ్వ పక్కన చేరి, ఒకవేళ కుళ్ళాయప్ప బతక్కపోతే ఏం చేస్తావని మెల్లగా కదిపాడు. సుగుణమ్మ చప్పున చేయి తెచ్చి అతని నోరు మూసింది.

"ఆ మాట నోట్లోంచి రాకూడదు" అంది.

సీరియల్ని అవ్వ మరీ ఇంతగా మనసుకు పట్టించుకుందే అని నవనీత్‌కు జాలి వేసింది. చచ్చిపోయాడని చెప్పే ధైర్యం ఇక చేయలేదు.

తాడి తన్నేవాడి తల తన్నేవాడు ఎక్కడో ఒకచోట ఉంటాడు. పెళ్ళి రెండు రోజుల్లో ఉందనగా ఆ పని పెనుకొండ నుంచి జరిగింది. నరసక్క ఫోన్ చేసి, కుళ్ళాయప్ప కళ్ళు తెరిచిన వైనమంతా వదినకు చెవిలో పోసింది. ఆ గయ్యాళి తల్లి చివరికి ఏడ్చి క్షమాపణ అడిగిందని మురిసిపోయింది కూడా. సుగుణమ్మ ఫోన్ పెట్టేసి, మనవణ్ణి ఒక్క మాటా తిట్టకుండా, పెళ్ళికి పోయే రోజు పొద్దున్నే ముందు కదిరికి పోతున్నామని కొడుకుతో చెప్పింది.

నవనీత్ కాళ్ళూ గడ్డాలూ పట్టుకున్నాడు. పెళ్ళయిన మర్నాడే పోదామన్నాడు. మొక్కు బాకీ పెట్టుకుని శుభకార్యం గడప తొక్కకూడదంది అవ్వ. పోనీ మూడు కత్తెరలు ఇస్తానన్నాడు. అది ఆడవాళ్ళకిరా అని నాయన అందుకున్నాడు. అమ్మ వైపు చూశాడు. ఎప్పుడూ తనకే వత్తాసు పలికే నీలావతి ఈసారి అతని జుట్టు ఒకసారి నిమిరి, "అవ్వ చెప్పినట్ల చెయ్యి నాయనా" అంది. ఇంట్లో అందరికీ పిచ్చెక్కిందని నవనీత్ తేల్చుకున్నాడు.

చింతపండు వాసన కొట్టే నాయన కారులో గోరంట్ల మీదుగా కదిరి చేరేదాకా అతను కిటికీ అద్దంలో చూసుకుంటూ జుట్టు సవరించుకుంటూనే ఉన్నాడు. కళ్యాణకట్టలో మాస్కు తీయమన్నారు, తల వంచమన్నారు. ఏడాదిన్నర శ్రమ ఒళ్ళో, నేల మీదా కుప్పలుగా రాలింది. నీళ్ళు పోసుకుని వచ్చి, టెంకాయలాగా చల్లగా తగులుతున్న తలను తడుముకుంటూ మెట్టు మీద కూర్చున్నాడు. ఏడుపు ఒకటే తక్కువ.

సుగుణమ్మ గంధం కలుపుకొచ్చింది. తల నిండా మెల్లగా, వేళ్ళతో, పసిబిడ్డకు పూసినట్టు పూసింది. పూయడం అయ్యాక వంగి, అతని ముఖంలో ముఖం పెట్టి అడిగింది.

"గంధం వాసన తెలుస్తాండాదా?"

నవనీత్ తల ఎత్తాడు. కుళ్ళాయప్పకు కారు ప్రమాదం జరిగింది. తల పగిలింది, కాలు విరిగింది. వాసన పోయింది మాత్రం వాడికి కాదు. కింది మెట్టు దగ్గర పొద్దున్నే నిలబడి పైకి చూసే అవ్వ అతనికి గుర్తొచ్చింది. నోరు మూసిన చేయి, పాల నెపంతో లోపలికి వెళ్ళిన అమ్మ, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి.

"అవ్వా, నువ్వు మొక్కుకునింది ఎవురి కోసరం?"

సుగుణమ్మ గంధం చేతిని కొంగుకు తుడుచుకుంది.

"టీవీలో పిల్లోనికైతే ఏమైనా అనుకోవచ్చు. బతికితేనా, గట్టెక్కితేనా అనొచ్చు. ఇంటి పిల్లోని పేరు పెట్టి ఆ మాట ఎట్లంటార్రా? నాకు నోరు రాలేదు. అంతే" అంది.

ఊరంతా నవ్వినన్ని నాళ్ళూ ఈ ముసలామె ఆ నవ్వు కింద తన భయాన్ని దాచుకుంది. అవ్వను ఎంత పిచ్చిదానిగా చూశాడో తలుచుకుంటే నవనీత్‌కు సిగ్గేసింది. ఏదో చెప్పబోతే ఆమె గమ్మునుండమని కసిరి, దర్శనానికి ఆలస్యమవుతోందని లేచింది.

ముదిగుబ్బ దాటి ధర్మవరం చేరేసరికి పొద్దు వాలుతోంది. పెళ్ళిమంటపం గుమ్మంలో హరిణి పట్టుచీర కట్టుకుని, వచ్చినవాళ్ళ మీద పన్నీరు చల్లుతోంది. నవనీత్ మీద కూడా చల్లబోయి, మాస్కు, గుండు చూసి, మీరెవరి తాలూకని మర్యాదగా అడిగింది. అతను మాస్కు దించాడు. హరిణి చేతిలోని పన్నీరుబుడ్డి అట్లాగే ఆగిపోయింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఇప్పట్లో ఆగే నవ్వు కాదది. జుట్టేం చేశావని మధ్యలో ఎట్లాగో అడిగింది.

అవ్వ అప్పటికే ముందుకొచ్చి ఉంది. కొరియాలో కుళ్ళాయప్ప అనే పిల్లోడున్నాడనీ, వాడికి పెద్ద గండం వచ్చిందనీ, తను మొక్కుకుందనీ గుమ్మంలో నిలబడ్డ అందరికీ వినబడేట్టు చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాయన కూడా నవ్వడం మొదలుపెట్టి, కొడుకు ముఖం చూసి ఆగిపోయాడు.

"నిజమే. ఆ పిల్లోనికి చానా సీరియస్ అయింది. మా అవ్వ మొక్కుకునింది, బతికినాడు" అన్నాడు నవనీత్.

హరిణి నవ్వుతూనే చెయ్యెత్తి అతని బోడితల మీద పన్నీరు చల్లింది. చల్లటి చుక్కలు నుదుటి మీదికి జారాయి. పక్కన అవ్వ అతని ముక్కు వైపే చూస్తోంది. ఆమె నోరు తెరవకముందే నవనీత్ వంగి ఆమె చెవిలో చెప్పాడు.

"తెలుస్తాండాదవ్వా."