హామర్ వెళ్ళిన ఉగ్గుగిన్నె

నేను ఒక ఉగ్గుగిన్నెని. ఇత్తడిదాన్ని. పక్కకి ఒక ముక్కు, కింద గుండ్రటి అడుగు, అంతే నా ఒళ్ళు. నా భయం ఏమిటో ముందే చెప్పేస్తాను, దాచుకుని చెప్పేంత ఓపిక నాకిప్పుడు లేదు. తవిటమ్మ ఇంటికి చేరేలోగా ఆమె కూతురు ఆమెను మరిచిపోతుందేమోనని నా భయం. నాకు చిలుము పడితే చింతపండు పెట్టి తోముతారు, పోతుంది. పసిపిల్ల మనసులో తల్లి ముఖం మాసిపోతే దాన్ని దేంతో తోముతారు?

శ్రీకాకుళం జిల్లా బుడితిలో పుట్టాను. మట్టి అచ్చులో కరిగిన ఇత్తడి పోసి, ఆరాక పగలగొట్టి, ఆకురాయితో రుద్ది, లోపల కళాయి పూసి నన్ను బయటికి తీశారు. నాతోపాటు అదే కొలిమిలో పుట్టిన గంటలు గుళ్ళకి వెళ్ళాయి. పూలకూజాలు హోటళ్ళకి వెళ్ళాయి. వాటికి పేరొచ్చింది, నాకు పిల్లలొచ్చారు. సముద్రం ఒడ్డున ఒక చేపలోళ్ళ ఇంట్లో పడ్డాను. ఆ ఇంటి పెద్దపిల్ల ఆదిలక్ష్మికి ఉగ్గు పోశాను. తర్వాత పుట్టిన ఇద్దరు నా దాకా రాకుండానే పోయారు. ఆ తర్వాత పుట్టినదాన్ని పొరుగింటావిడ ఒళ్ళో పెట్టి, మానెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కున్నారు. పరాయి పిల్ల అనుకుని చావు పక్కకి తప్పుకుంటుందని మా వైపు నమ్మకం. అందుకే ఆ పిల్ల తవిటమ్మ అయింది. చావు నిజంగానే మోసపోయింది. నా ముక్కు నోట్లో పెట్టుకుని కాళ్ళు తపతపలాడిస్తూ తాగేది.

తవిటమ్మ ఎనిమిదో తరగతిలో ఉండగా వాళ్ళమ్మకి జబ్బు చేసి బడి మాన్పించారు. పెళ్ళయింది. మొగుడు గుజరాత్ వైపు చేపల బోట్ల మీద పనికి వెళ్తాడు. సముద్రం మీద ఉంటే నెలల తరబడి ఫోను కలవదు. కూతురు పుట్టింది, జోషిత అని పేరు పెట్టుకుంది. నాకు మళ్ళీ పని దొరికింది. ఆ పిల్లకి రెండేళ్ళు నిండినా గ్లాసు ముట్టదు, పాలు నా ముక్కుతోనే తాగాలి. ఎవరైనా నవ్వితే, నన్ను రెండు చేతులా పట్టుకుని వాళ్ళకి వీపు చూపించి తాగుతుంది.

తవిటమ్మ విశాఖపట్నంలో వసుంధరమ్మ గారింట్లో పని చేసేది, కూతురు పుట్టాక దాన్నీ నన్నూ తెచ్చుకుని అక్కడే ఉండేది. ఆవిడ కొడుకుని పెంచింది దాదాపు తనే. వాడు పెద్దవాడై బడికి వెళ్ళాక కూడా ఆవిడ తవిటమ్మని వదల్లేదు. మా ఇంటి మనిషి అని నలుగురిలో చెప్పేవారు. మనుషులు ఈ మాటని ఎంత తేలిగ్గా వాడతారో నేను ఆ ఇంట్లోనే చూశాను. ఇంటి మనిషి భోజనం మాత్రం వంటింట్లోనే, వేరే కంచంలో.

ఒకరోజు వసుంధరమ్మ ఫోనులో ఒక నీలం సరస్సు చూపించారు. ఆవిడ చెల్లెలు సుమేధ నార్వే దేశంలో ఆ సరస్సు ఒడ్డున చిన్న ఊళ్ళో ఉంటుంది. ఊరు హామర్, సరస్సు మ్యోసా.

"మాతోపాటు రా తవిటమ్మా. పనికి కాదు, టూరుకి. రెండు వారాలు హాయిగా తిరిగి వచ్చేద్దాం," అన్నారు.

తవిటమ్మ ముందు కూతురి సంగతి అడిగింది. రెండు వారాలు మీ అప్ప ఆదిలక్ష్మి చూసుకోదా అన్నారు ఆవిడ. చూసుకుంటుంది. అయినా తవిటమ్మకి నిద్ర పట్టలేదు. పిల్లకి జ్వరమొస్తేనో, నూతి దగ్గరకి పోతేనో అని తనలో తనే గొణుక్కునేది. కానీ చలికాలంలో గడ్డకట్టి, మనుషులు దాని మీద నడుస్తారట ఆ సరస్సు. నీటి మీద బతికే ఇంట్లో పుట్టింది కదా, ఆ మాట ఆమెను లాగేసింది. వెళ్దామనుకుంది. అందులో తప్పేముంది? ఎంతమంది వెళ్ళడం లేదు?

బట్టలు సర్దుకుంటుంటే వసుంధరమ్మ వచ్చి, నీ ఉగ్గుగిన్నె కూడా పెట్టుకో, చెల్లి చూసి ముచ్చటపడుతుంది అన్నారు. సుమేధకి అప్పుడు ఏడో నెల. తవిటమ్మ నన్ను తళతళలాడేలా తోమి, కూతురి పాత గౌనులో చుట్టి సంచిలో పెట్టింది. జోషితకి ఆ రాత్రి నుంచే గ్లాసు అలవాటు చేశారు. పిల్ల ఏడిస్తే, "బూచోడి దేశం ఎల్లొచ్చేస్తాది లే నీ గిన్ని, మంచు తెస్తాది," అని చెప్పింది తవిటమ్మ. నేనైతే ఉబ్బిపోయాను. విమానం ఎక్కిన ఉగ్గుగిన్నెలు ఎన్నుంటాయి చెప్పండి. పసిపిల్ల లేని ప్రయాణానికి ఉగ్గుగిన్నె ఎందుకని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆ ఊరు అందమైనదే, అబద్ధం చెప్పను. విమానం దిగి రైలెక్కితే చివరి దాకా పట్టాల పక్కనే సరస్సు. చెక్క ఇళ్ళు, వాలు మీద పచ్చిక, రోడ్డు మీద కేక వేసే మనిషి లేడు. రాత్రి భోజనం వేళకి కూడా ఎండ ఉంది. తవిటమ్మ నేనున్న సంచిని చంకకి తగిలించుకునే తిరిగింది. ఒడ్డున వంగి నీళ్ళలో వేలు ముంచి నాకి చూసింది. సప్పగా ఉంది, ఉప్పెయ్యడం మర్సిపోనారు అంది. అందరూ నవ్వారు. ఎప్పుడో కూలిన చర్చి గోడల చుట్టూ పెద్ద అద్దాల మేడ కట్టి కాపాడుకుంటున్నారు అక్కడ. లోపల నిలబడి తల పైకెత్తి, "కూలిపోయిన గోడలకి ఇంత ఇల్లేటి? మా ఇల్లు కూలితే మాకూ కడతారేమో అడగండమ్మా," అంది. వసుంధరమ్మ భర్త కూడా నవ్వారు, ఆయన మామూలుగా నవ్వరు.

ఒకరోజు పొద్దున్న చక్రాలతో నడిచే పాత ఓడ దగ్గరకి వెళ్ళాం. ఆ పూటంతా ఫోటోలే. వసుంధరమ్మ పెద్ద సంచి నిండా బట్టలు తెచ్చారు. ఓడ ముందు తవిటమ్మకి పచ్చ శాలువా కప్పి ఒకటి. ఓడ లోపల ఎర్ర స్వెట్టరు తొడిగి ఒకటి. అద్దాల మేడ దగ్గర పూల చున్నీతో, బల్ల మీద ఐస్‌క్రీముతో, రైలు స్టేషను ముందు ఆవిడ సొంత కోటు తొడిగి. జడ కూడా మార్చి మార్చి వేశారు. ఒక్క పూటకి ఇన్ని ఏసాలేటమ్మా అని సిగ్గుపడింది తవిటమ్మ. జ్ఞాపకంగా ఉంటాయే, నవ్వు అన్నారు ఆవిడ. తవిటమ్మ నవ్వింది. పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. పనిమనిషికి తన కోటు విప్పి తొడిగిన యజమానురాలిని నేనెన్నడూ చూడలేదు. ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు నల్లబడుతుంది.

తిరుగు ప్రయాణం రోజు వచ్చింది. పెట్టెలన్నీ గుమ్మం దగ్గర వరసగా పెట్టారు, తవిటమ్మ సంచితో సహా. నన్ను మాత్రం ముందురోజే వంటింటి కిటికీలో పెట్టించారు, సుమేధ చూసుకుంటుందని. ఆ పొద్దున్న సుమేధ నడవాలి, చెయ్యి పట్టుకుని ఒడ్డు దాకా తీసుకెళ్ళి రా అని తవిటమ్మని పంపారు. వాళ్ళు మలుపు తిరగ్గానే కారు వచ్చింది. వసుంధరమ్మ వరసలోంచి తవిటమ్మ సంచి ఒక్కటీ తీసి, మెట్ల కిందున్న చిన్న గదిలో పెట్టారు. మిగిలిన పెట్టెలు కారెక్కాయి. తవిటమ్మ పాస్‌పోర్టు ఆవిడ చేతిసంచిలోనే ఉంది. భద్రంగా ఉంటుందని మొదటి రోజే తీసుకున్నారు.

తవిటమ్మ తిరిగొచ్చి గదులన్నీ వెతికింది. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు. అమ్మగారేరి, రైలు టైమైపోతాది అంటూ తిరిగింది. సుమేధ కుర్చీలో కూర్చుని, ఆమెను చూడకుండా చెప్పింది.

"వాళ్ళు వెళ్ళిపోయారు తవిటమ్మా. నా పురుడయ్యాక నువ్వు వెళ్దువుగాని. చెబితే ఏడుస్తావని అక్క చెప్పలేదు."

తవిటమ్మ ఏడవలేదు. కిటికీలో ఉన్న నా వంక చూసింది.

"ఈ గిన్నిని తెమ్మని నన్నడిగారు కదమ్మా. నన్ను ఉండమని ఎందుకడగలేదు? అడిగితే ఉందునేమో."

సుమేధ కుర్చీలో వెనక్కి వాలింది. నడుం నొప్పిగా ఉంది, కొంచెం టీ పెట్టవూ అంది. తవిటమ్మ టీ పెట్టింది. కోపం వచ్చిన చేతులు కూడా అలవాటైన పని చేసుకుపోతాయి, అదే నాకు ఆ ఇంట్లో అన్నిటికన్నా బాధగా అనిపించింది.

తవిటమ్మ ఫోను ఆ దేశంలో పలకదు. సుమేధ ఫోనులో, సుమేధ పక్కన కూర్చుంటేనే ఇంటికి మాట్లాడాలి. వీసా గడువు దాటిపోయింది, ఎవరితోనైనా అంటే పోలీసులు పట్టుకుంటారని సుమేధ చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు మెత్తగానే ఉంది. మొదట్లో జోషిత ఫోనులో తల్లిని చూసి ఏడ్చేది. తర్వాత గిన్ని ఏదీ అని అడిగి, చూపించగానే ఆటకి పోయేది.

ఒకరోజు అప్ప ఆదిలక్ష్మి ఫోనెత్తి బాగున్నావా అని కూడా అడగలేదు.

"నీ గుంట జొరంతో పడుంటే నువ్వు పడవలెక్కి తిరుగుతున్నావేటే? ఆ మజ్జిన పచ్చ శాలువా, నిన్న ఎర్ర సొట్టరు. ఇంకా ఉంటానన్నావంట గదా. సిగ్గుండాలి."

తవిటమ్మకి ముందు అర్థం కాలేదు. నాకూ కాలేదు. అప్ప ఫోటోలు తిప్పి చూపించింది. విశాఖపట్నం నుంచి వసుంధరమ్మ వారానికొకటి పంపుతున్నారు, ఈ వారం తవిటమ్మ ఓడెక్కింది, ఈ వారం ఐస్‌క్రీం తింది అని రాసి. అన్నీ ఆ ఒక్క పూటవే. పళ్ళన్నీ కనపడేలా నవ్విన నవ్వు, రకరకాల బట్టల్లో. తవిటమ్మ నోరు తెరిచేలోగా సుమేధ ఫోను తన వైపు తిప్పుకుని, బాగా ఎంజాయ్ చేస్తోందమ్మా, మీరేం దిగులు పడకండి అంది. అవతల పిల్ల మూలుగు వినపడింది. "అమ్మా, నీళ్ళు," అంది జోషిత. ఫోను వైపు చూసి కాదు. ఆదిలక్ష్మి కొంగు పట్టుకుని.

ఆ పూట తవిటమ్మ నన్ను తోమింది. నేను మురికిగా లేను. అయినా తోముతూనే ఉంది.

సుమేధకి మగపిల్లాడు పుట్టాడు. ఆ బిడ్డనీ తవిటమ్మ కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది, వాడిది తప్పేముంది. ఆ దేశంలో కాన్పయ్యాక నర్సు ఇంటికే వచ్చి తల్లీబిడ్డల్ని చూసి వెళ్తుంది. వచ్చినావిడ నిదానమైన మనిషి. బిడ్డని తూచింది, నన్ను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది, ఇందులో ఏమీ పట్టొద్దన్నట్టు తల అడ్డంగా ఊపి పక్కన పెట్టింది. తర్వాత తవిటమ్మ వైపు తిరిగి, కళ్ళలోకి చూసి ఏదో అడిగింది. మా ఇంటికొచ్చిన చుట్టం, ఈ ఊరు ఎలా ఉందని అడుగుతోంది అని సుమేధ తెలుగులో చెప్పింది.

తవిటమ్మ బిడ్డని ఒళ్ళోంచి దించి, లేచి నిలబడింది.

"నా గుంట నన్ను మర్సిపోతంది, నన్నింటికి పంపించమని సెప్పండమ్మా."

సుమేధ ఆవిడ భాషలో చెప్పింది. రెండు ముక్కల్లో చెప్పింది. నర్సు ముఖం వికసించింది. చెయ్యెత్తి కిటికీలోంచి సరస్సుని చూపించి, ఎంత బాగుందో కదా అన్నట్టు తవిటమ్మ భుజం తట్టింది. తవిటమ్మ ఆ చేతిని చూసింది, సరస్సుని చూసింది. ఆమె అడిగిన మాట ఎక్కడికి పోయిందో నాకు తెలిసింది, ఆమెకూ తెలిసింది. నర్సు వెళ్ళింది, వీధి తలుపు మూసుకుంది.

నర్సు వద్దన్నాక నాతో పనేముంది? సుమేధ నన్ను పాత బట్టలతో కలిపి సంచిలో వేసింది. తవిటమ్మ పైన బిడ్డకి నీళ్ళు పోస్తోంది. నేను చివరిసారి విన్నది ఆ నీళ్ళ చప్పుడే. నన్ను చుట్టిన జోషిత గౌను ఆమె దగ్గరే ఉండిపోయింది, అంతవరకు నయం.

ఇప్పుడు నేను హామర్ ఊళ్ళోనే పాత సామాన్ల దుకాణంలో, ఒక అరలో ఉన్నాను. నా పక్కన చెవి విరిగిన కప్పులు, ఎవరి పెళ్ళిదో ఒక ఫోటో ఫ్రేము. వచ్చినవాళ్ళు నన్నెత్తి దీపం అంటారు, కొందరు మొక్కలకి నీళ్ళు పోసేది అంటారు. ఒకావిడ టోపీలా వేలికి తగిలించుకుని నవ్వింది. ఎవరినీ తప్పు పట్టను. ఉగ్గు అంటే ఏమిటో వాళ్ళకేం తెలుసు. తెలిసినవాళ్ళు చేసిందే నాకు మింగుడు పడదు. అద్దాల కిటికీలోంచి సరస్సు కనపడుతుంది. ఒడ్డు పొడుగునా గడ్డకట్టింది. పిల్లలు దాని మీద జారుతూ ఆడుతున్నారు. తవిటమ్మ చూడాలనుకున్నది ఇదే. చూస్తోందో లేదో తెలియదు, ఆమె పడుకునే మెట్ల కింద గదికి కిటికీ ఎత్తులో ఉంది.

మన తెలుగువాళ్ళు ఈ ఊరికి టూరుకి వస్తూనే ఉంటారు. మీరూ ఎప్పుడైనా వస్తారు. అద్దాల మేడ చూడండి, ఓడెక్కండి, ఫోటోలు దిగండి. నన్ను కొనక్కర్లేదు. స్టేషను నుంచి కొండ వైపు ఎక్కితే, దారి చీలిన చోట పసుపురంగు చెక్క ఇల్లుంది, గేటు పక్కన తెల్లటి పోస్టు డబ్బా. తలుపు తట్టండి. తెలుగు మాట వినపడితే సుమేధ సంతోషంగానే తీస్తుంది, కాఫీ కూడా ఇస్తుంది. తవిటమ్మ బాగుందని చెబుతుంది, పడుకుందంటుంది, బయటికెళ్ళిందంటుంది. మీరు లేవకండి. ఆమె వచ్చేదాకా కూర్చోండి. వచ్చాక మధ్యలో ఎవరినీ మాట్లాడనివ్వకుండా, ఇంటికెళ్తావా అమ్మా అని ఆమెనే అడగండి.